జెలిందా ప్రమాణపు రొట్టె

ఇటలీ కొండల్లోని మా వాల్దోర్నాలో దొరల కుటుంబం ఒకటే, సెర్రవాంతి వాళ్లు. రొట్టెల కుటుంబం కూడా ఒకటే, జెలిందా వాళ్లు. దొరల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మునిసిపల్ ఆఫీసు మెట్ల పక్కన గాజు బీరువాలో వాళ్ల మీద లావుపాటి పుస్తకాలున్నాయి. వాటిని ఎవరైనా బయటికి తీయగా నేనింతవరకు చూడలేదు. జెలిందా గురించి ఎవరూ రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

నేను ఆవిడ రొట్టెల బట్టీ పైగదిలో ఉంటాను. పీసాలో చదువు సగంలో వదిలేసి, ఎక్కడుండాలో తోచక కొండెక్కి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ గది చూపించింది. "ఎన్నాళ్లుంటావ్?" అంది. తెలీదన్నాను. "సరే. తలుపు మాత్రం మెల్లిగా వేసుకో. మా ఆయనకి మధ్యాహ్నం నిద్ర" అంది. అంతే, ఇంకే వివరాలూ అడగలేదు. అప్పటినుంచి నాకావిడ జెలిందా పెద్దమ్మ.

డెబ్బై దాటిన మనిషి. పొట్టి. మోచేతుల దాకా కాలిన మచ్చలు, నడిచేటప్పుడు పక్కకి ఊగే నడక. పేకాటలో మోసం చేస్తుంది, పట్టుకుంటే నవ్వుతుంది. సముద్రం జీవితంలో ఒక్కసారి చూసింది. నచ్చలేదు. "మనం రొట్టెలో కూడా వెయ్యం కదరా ఉప్పు. అక్కడెవడో అంతా పారబోసేశాడు" అంది.

ఆవిడ మొగుడు ఫొస్కో. రిటైరైన పోస్ట్‌మాన్. ఎర్రజెండా పార్టీ మనిషి. ఆ పార్టీ పేరు మారింది, గుర్తు మారింది, ఆఫీసు మూతపడి అక్కడ చెప్పుల కొట్టు వచ్చింది. ఫొస్కో మాత్రం మారలేదు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఉత్తరాలు లేకపోయినా రోజూ బట్టీ ముందు సైకిలు ఆపేవాడట. జెలిందా తల్లి ఆర్జియా ఓసారి అడిగింది: "ఏమయ్యా, ఈ ఇంటికి ఉత్తరాలు రాసేదెవరయ్యా?"

"ఎవరూ రాయరమ్మా. అందుకే వచ్చి నోటితో చెప్తున్నా."

పెళ్లి అలా కుదిరింది. పెళ్లికి అప్పటి మేయరు, లాంబెర్తో సెర్రవాంతి దొర, తన తోటలోని వైను ఒక పీపా పంపాడు. దొరగారి వైను ముట్టుకోనని ఫొస్కో పంతం పట్టాడు. పెళ్లికొచ్చిన వాళ్లంతా పీపా ఖాళీ చేసి పాటలు పాడారు. ఫొస్కో నీళ్లు తాగాడు. ఆరోజు ఊరు మొత్తంలో తూలకుండా నడిచింది పెళ్లికొడుకొక్కడేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక దొరల సంగతి. నాకు దొరల వంశచరిత్రలంటే విసుగు. ఎవడు ఎవడి కొడుకో, ఏ డ్యూకు దగ్గర ఏ బిరుదు కొట్టేశాడో తెలిసి ఎవరికి లాభం? కానీ సెర్రవాంతి వాళ్ల చరిత్రలో ఒక రొట్టె ఉంది. అది చెప్పకపోతే జెలిందా అర్థం కాదు.

మూడు నాలుగు వందల ఏళ్ల కిందట పెద్ద కరువొచ్చింది. ఊరి ధాన్యపు కొట్టు తాళాలు ఒరాజియో సెర్రవాంతి దగ్గరుండేవి. ఆయన మంచి గోధుమలు మైదానం వ్యాపారులకి అమ్ముకుని, ఊరికి అడుగుబొడుగు ధాన్యం పంచాడు. దాని నిండా మత్తెక్కించే కలుపు గింజలు. ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవాళ్లు తూలిపోయారు, కక్కుకున్నారు. ముసలివాళ్లు కొందరు మళ్లీ లేవలేదు. ఊరు వెళ్లి దొర తలుపులు బద్దలు కొట్టింది. ఆయన్ని కూడలికి ఈడ్చుకొచ్చి, మునిసిపల్ ఆఫీసు కమానుల వసారా మీద నిలబెట్టి, అదే రొట్టె నోట్లో పెట్టి "నములు" అంది. ఆయన ఏడుస్తూ నమిలాడు.

తమాషా ఏంటంటే, అంత జరిగాక కూడా ఊరు వాళ్లని తరిమెయ్యలేదు. డ్యూకు గారికి అర్జీ రాయడం ఆ ఇంట్లోవాళ్లకి తప్ప ఇంకెవరికీ చేతకాదు మరి. తరిమే బదులు ఒక కట్టుబాటు పెట్టింది. సెర్రవాంతి ఇంటివాళ్లు ఎవరైనా ఊరి పదవిలో కూర్చోవాలంటే ముందు కూడలిలో నిలబడి, ఊరి ఆడది చేసిన రొట్టె అందరి ముందూ నమిలి మింగాలి. ఓడిపోయిన పక్షం తాలూకు పెద్దమనిషి ఒకడు దగ్గరికెళ్లి నోరు తెరిపించి చూడాలి. "ఖాళీ!" అని అరవాలి. అప్పుడే పదవి. మిగతా రొట్టె ఊరంతా తలో ముక్క తినాలి. ఇంకెవరు గెలిచినా ఈ బాధ లేదు. సెర్రవాంతి వాళ్లకే.

అలా నమిలిన వాళ్లు చాలామంది. ఒకాయన న్యాయాధికారిగా పనిచేసి ఊరివాళ్లందరితోనూ తిట్లు తిన్నాడు. ఒకాయన దేశం ఒకటవుతున్న రోజుల్లో తిరుగుబాటుదారుల తుపాకుల్ని పీపాల్లో దాచాడు. ఒకాయన రోము పార్లమెంటుకెళ్లి అక్కడ ఎక్కువగా నిద్రపోయాడు, కానీ మెలకువగా ఉన్న కాసేపట్లో మాకు రోడ్డు తెచ్చాడు. నమలకుండా కూర్చున్నది ఒక్కడే, ఉబాల్దో. నల్లచొక్కాల ఫాసిస్టుల కాలంలో అతన్ని రోము నుంచి నేరుగా ఊరి అధికారిగా వేశారు. ఎన్నిక లేదు, రొట్టె లేదు. ఊళ్లో అతనికి 'నమలనివాడు' అనే పేరు స్థిరపడింది. ఇప్పటికీ పిల్లలు అన్నం దగ్గర పేచీ పెడితే "ఉబాల్దోలా తయారయ్యావేంట్రా" అంటారు. యుద్ధం అయ్యాక అతని కొడుకు లాంబెర్తో తండ్రి పరువు కోసమో, తన పరువు కోసమో, గెలిచిన ప్రతిసారీ కూడలిలో నిలబడి పెద్ద ముక్క అడిగి మరీ నమిలాడు. ఇంటింటికీ కుళాయి వేయించింది అతనే.

లాంబెర్తో తిన్న రొట్టెలు చేసింది ఆర్జియా. తల్లి తలమీద పళ్లెంతో కూడలి దాటుతుంటే వెనకాల తెల్లగుడ్డ పట్టుకుని నడిచింది జెలిందా. "రొట్టె విరిచినప్పుడు పైపొర చప్పుడు ఫౌంటెన్ దాకా వినపడిందిరా" అని నాకు చాలాసార్లు చెప్పింది. "ఊరంతా నోరు మూసుకుని మా అమ్మ రొట్టె విన్నారు." తర్వాత లాంబెర్తో పోయాడు. ఆయన కొడుకులు మిలానో వెళ్లి రాజకీయాలు మానేశారు. ఆర్జియా కూడా పోయింది. జెలిందా రోజూ రొట్టెలు కాల్చింది, పెళ్లిళ్లకి, చావులకి, పండగలకి. ప్రమాణపు రొట్టె మాత్రం కాల్చలేదు. కాల్చే అవసరం ఊరికి రాలేదు. ఒక్కసారైనా తన రొట్టె కూడలి దాటాలనేది ఆవిడ కోరిక. నోరు తెరిచి ఎప్పుడూ అనలేదు. కానీ ఎన్నికలొచ్చినప్పుడల్లా అభ్యర్థుల పేర్లు అతికించిన గోడ దగ్గరికెళ్లి, కళ్లజోడు పెట్టుకుని చదివి, వెనక్కి తిరిగొచ్చేది.

మొన్నటి మేయరు ఎన్నికల్లో ఆ గోడ మీద ఒత్తావియా సెర్రవాంతి పేరు కనపడింది.

ఒత్తావియా లాంబెర్తో మనవరాలు. పశువుల డాక్టరు. బొలోన్యాలో చదివి ఇక్కడికే వచ్చి, పెచ్చులూడిన ఆ పాత మేడలో వాన కురవని రెండు గదుల్లో ఉంటోంది. చేతులు భుజాల దాకా ఆవు కడుపులో పెట్టి దూడని బయటికి లాగే మనిషిని దొరసాని అని పిలవడం ఊరికి మొదట్లో నవ్వుగా ఉండేది, తర్వాత అలవాటైంది. ఆమె మీద ఊరికున్న ఫిర్యాదు ఒకటే. జెలిందా కొట్టుకి ఎప్పుడూ రాదు. లుక్కా నుంచి రొట్టె తెప్పించుకుంటుందనీ, అది దొరతనపు పొగరనీ అనుకునేవాళ్లు. పొగరున్నా గొడ్ల డాక్టరు మంచిదేనని ఓట్లు వేశారు. గెలిచింది.

ఫలితం తెలిసిన రోజు ఫొస్కో బారు నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. వాళ్ల పక్షం ఓడింది. అంటే నోరు చూసే పని పెద్దమనిషిగా ఆయనదే. జెలిందా గల్లా దగ్గర పాడుకుంటోంది.

"ఏవిటే ఆ పాట? మనం ఓడిపోయాం."

"నువ్వు ఓడిపోయావ్. నేను రొట్టె చేస్తున్నాను."

"దొరలకి రొట్టె చేయడానికి మురిసిపోతున్నావ్. సిగ్గులేదూ?"

"నువ్వు దొరసాని నోట్లోకి తొంగి చూడబోతున్నావ్. నీకుందా?"

మర్నాడు దుకాణం కట్టేశాక, మంచి గౌను వేసుకుని, రొట్టె ఏ పాటి ఎర్రగా కాల్చాలో అడగడానికి మేడకి బయల్దేరింది. మోకాళ్లు సహకరించక నన్ను తోడు రమ్మంది. ఒత్తావియా వంటగదిలో బూట్లు కడుక్కుంటోంది. జెలిందా చెప్పడం మొదలుపెట్టింది: పిండి ఫలానా మరలో ఆడించినది, పులిపిండి ముద్ద తన అమ్మమ్మ కాలం నుంచి చావకుండా వస్తున్నది, రొట్టె ఇంత ఉంటుంది అని చేతులు చాచింది. ఒత్తావియా బూటు పక్కన పెట్టింది.

"జెలిందమ్మా, మీకొకటి చెప్పాలి. నాకు గోధుమ పడదు."

"పడదంటే? ఇష్టం లేదా?"

"ఇష్టమే. ఒంటికి పడదు. జబ్బు. ముక్క తిన్నా పేగులు మెలిపెట్టేస్తాయి. చదువుకునే రోజుల్లోనే బయటపడింది. అందుకే మీ కొట్టుకి రాను. వచ్చి ఏం కొనను?"

జెలిందా స్టూలు లాక్కుని కూర్చుంది. "మరి ఊరికెందుకు చెప్పలేదమ్మాయ్? మేం ఇన్నాళ్లూ నీది పొగరనుకున్నాం."

"పొగరనుకున్నా ఓటు వేశారుగా. రొట్టె తినలేనని తెలిస్తే వేసేవారా? సెర్రవాంతి పిల్ల, రొట్టె తినలేదు, ఇంక కుర్చీలో ఎట్లా కూర్చుంటుంది అనేవారు." తర్వాత నవ్వింది. "మీరేం దిగులు పడకండి. మీ రొట్టె మీరు చెయ్యండి. ముక్క తింటాను, నోరు చూపిస్తాను. తర్వాత కొన్నాళ్లు మంచం మీదుంటాను. ఒక్కసారికి చావను."

"నిజంగా తింటావా?"

"తింటాను. మా తాత తిన్నాడు. నేనెందుకు తినను?"

తిరిగి వచ్చాక, గుమ్మం దగ్గర జెలిందా "ధైర్యం గల పిల్లరా" అంది. ముఖం వెలిగిపోతోంది. లోపలికెళ్లి పులిపిండి ముద్దకి పిండీ నీళ్లూ పెట్టింది. పెద్దమ్మ ఒప్పుకుందని నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే నాకది తప్పుగా కూడా అనిపించలేదు. తినేది ఆమె, ఇష్టపడే తింటోంది, మధ్యలో మనకేంటి అనుకున్నాను.

ఆరోజు భోజనానికి నన్నూ పిలిచారు. బీన్స్ సూపు, పాత రొట్టె ముక్కలు. జెలిందా కడుపులో మాట నిలవదు. సగం గిన్నె అయ్యేసరికి మొగుడికి మొత్తం చెప్పేసింది. ఫొస్కో చెంచా కింద పెట్టి, బల్ల మీద కొట్టుకుంటూ నవ్వాడు.

"ఇన్ని వందల ఏళ్లకి లెక్క సరిపోయిందే! అప్పుడు వాళ్లు మనకి జబ్బు రొట్టె పెట్టారు. ఇప్పుడు నువ్వు వాళ్లకి జబ్బు రొట్టె పెడుతున్నావ్. పెట్టు పెట్టు. పెద్ద ముక్క కోసి పెట్టు!"

కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. జెలిందా నవ్వలేదు. గిన్నె పక్కకి జరిపింది.

"నా చేత్తోనా?" అంది.

"నీ చేత్తోనే. ఇంకెవరి చేత్తో?"

"ఫొస్కో, నా రొట్టె తిని ఎవరికైనా కడుపు నొప్పి వచ్చిందా?"

"సరదాగా అన్నానే."

"నేను సరదాగా అడగట్లేదు. నా రొట్టె తిని ఈ ఊళ్లో ఒక్క మనిషి మంచమెక్కాడా?"

ఫొస్కో తల అడ్డంగా ఊపాడు. జెలిందా లేచి, పులిపిండి ముద్ద మీద కప్పిన గుడ్డ తీసి చూసి, మళ్లీ కప్పేసింది. రేపటి మామూలు రొట్టెలకి అది సరిపోతుందంది. ప్రమాణపు రొట్టెకి వాడనంది. అంత తొందరగా తేల్చేసింది. తన ఆశ కూడా ఆ గుడ్డ కిందే ఉందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

"మరి ఏం చేస్తావ్?" అన్నాను.

"చెస్ట్‌నట్ పిండితో చేస్తాను."

ఫొస్కో ఈసారి వేరే రకంగా నవ్వాడు. "అది రొట్టెటే? అది పేదోళ్ల తిండి. కట్టుబాటు రొట్టె అంటుంది. రొట్టె అంటే గోధుమ. నేను నోరు చూసేవాణ్ణి. నేను ఒప్పుకోను."

"మీ అమ్మ నిన్ను ఏం పెట్టి పెంచిందయ్యా?"

ఫొస్కో చెంచా తీసుకుని సూపు కలిపాడు.

"చెప్పు. మీ కొండ మీద గోధుమ ముఖం చూసినవాళ్లు ఎవరు? మీ అమ్మ చెస్ట్‌నట్ పిండి పిసికి, ఆకుల మీద కాల్చి, 'రొట్టె తినరా' అని పిలిచేదా, 'రాళ్లు తినరా' అని పిలిచేదా?"

"మా అమ్మని ఎందుకు తెస్తావే మధ్యలో?"

"పిండి నీ దగ్గరే ఉంది కాబట్టి."

అదీ సంగతి. కొండ మీద ఫొస్కో వాళ్ల పాత చెస్ట్‌నట్ తోట ఉంది. ప్రతి ఆకురాలు కాలం కాయలేరి, రాతి గుడిసెలో పొగబెట్టి ఎండబెట్టి, చెస్ట్‌నట్ తప్ప ఇంకేమీ ఆడని చిన్న మరలో పిండి పట్టించి, పెట్టెలో గట్టిగా కూరి దాచుకుంటాడు. గోధుమ సోకని పిండి ఊళ్లో అదొక్కటే. ఆయన సూపు పూర్తిచేసి, మూతి తుడుచుకుని, "పిండి ఇస్తా. దానర్థం ఒప్పుకున్నానని కాదు" అని పడుకోవడానికి వెళ్లాడు.

చిక్కు అక్కడితో తీరలేదు. జెలిందా బట్టీలో గోడలకి, కప్పుకి, గాలికి కూడా గోధుమ పిండే. అక్కడ ఏం కాల్చినా ఒత్తావియాకి ముప్పే. అందుకని కొండ మీద గుడిసెలో, మట్టి మూకుడు కింద నిప్పుల్లో కాల్చాలని తేలింది. జీవితమంతా బట్టీతో బతికిన మనిషి, ముసలితనంలో మూకుడు ముందు కూర్చుంది. అది ఆవిడకి రాదు. మొదటి రొట్టె పైన మాడి లోపల జావగా ఉంది. ఇంకోటి తీస్తుంటేనే విరిగిపోయింది. చెస్ట్‌నట్ పిండి పొంగదు, సాగదు, మాట వినదు. ఫొస్కో గుమ్మంలో కూర్చుని వ్యాఖ్యానం చేశాడు.

"మా అమ్మ ఆకులు తడిపేది."

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగలేదు. రొట్టెల మహారాణివి కదా."

మొత్తానికి ఒకటి నిలబడింది. నలుపూ గోధుమరంగూ మధ్య రంగు, అంగుళం కూడా పొంగలేదు, పైన ఆకుల ఈనెలు అచ్చుపడ్డాయి, మధ్యలో ఇంత పొడుగు పగులు. చేతిలోకి తీసుకుంటే గుమ్మం ముందు పరిచే రాయిలా ఉంది. జెలిందా దాన్ని చాలాసేపు చూసింది.

"నేను దీన్ని నెత్తిన పెట్టుకుని కూడలి దాటాలా?" అంది. "ఊరంతా చూస్తుండగా?"

"నేను మోస్తానులే పెద్దమ్మా" అన్నాను.

"నోర్ముయ్. మోసేది చేసినవాళ్లే."

ఒత్తావియాకి చెప్పడానికి మళ్లీ మేడకెళ్లాం. ఆమె ముఖం పాలిపోయింది. "చెస్ట్‌నట్ ఎందుకని అడుగుతారు. జబ్బని చెప్పాలి. చెబితే దాచి ఓట్లడిగిందంటారు. వద్దు జెలిందమ్మా. మీ మామూలు రొట్టే తెచ్చెయ్యండి. నేను మింగేస్తాను, అయిపోతుంది."

"అయిపోదు. నేను తేను."

"నా పదవి పోతుంది."

"పోనీ. ఊరి మాట అడక్కుండా కూర్చున్నవాడు మీ ఇంట్లో ఒకడున్నాడు. పిల్లలు పేచీ పెడితే అతని పేరే చెప్తున్నాం ఇప్పటికీ. నువ్వు అతని పక్కన కూర్చుంటావా, మీ తాత పక్కన కూర్చుంటావా?"

ఒత్తావియా ఒప్పుకున్నట్టు తలూపింది. "ఉప్పు వేశారా?" అంది.

"చిటికెడు."

"మంచిది."

ఆదివారం పూజ అయ్యాక కూడలి నిండిపోయింది. బాల్కనీల్లో దుప్పట్లు తీసేసి మనుషులు నిలబడ్డారు. వసారా మీద ఒత్తావియా, పక్కన ఎర్ర రుమాలు మెడకి కట్టుకుని ఫొస్కో. జెలిందా బట్టీ సందులోంచి బయటికొచ్చింది. నెత్తిన పళ్లెం, పళ్లెంలో ఆ రొట్టె, కట్టుబాటు ప్రకారం పైన గుడ్డ లేదు. ముందు వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి. "ఏంటది, ఆవు పిడకా?" అని ఎవడో అన్నాడు. "జెలిందా చూపు మందగించినట్టుంది" అని ఇంకెవరో. ఆవిడ వినపడనట్టే పక్కకి ఊగుతూ నడిచింది. నేను ఫౌంటెన్ దగ్గర నిలబడి చూశాను. ఆవిడ పళ్లేన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. తన రొట్టె గురించి ఊరివాళ్ల చేత ఒక్క మాట కూడా పడని మనిషి ఆవిడ.

వసారా ఎక్కాక ఒత్తావియా చెయ్యెత్తింది. ఉన్నదున్నట్టు చెప్పింది. తనకి గోధుమ పడదని, భయపడి చెప్పలేదని, జెలిందా తనకి జబ్బు చేసే రొట్టె చేయనని చెప్పిందని, అందుకే ఇది చెస్ట్‌నట్ రొట్టె అని. "ఇది రొట్టె కాదంటే చెప్పండి. ఇక్కణ్ణుంచే దిగిపోతాను" అంది.

గొడవ లేచింది. కాదని కొందరు, ఔనని కొందరు. యుద్ధం రోజుల్లో ఇదే తిని బతికామని ఒక ముసలావిడ కర్రతో నేలమీద కొట్టింది. ముందే చెప్పాల్సిందని ఒకాయన అరిచాడు, అది నిజమే. అందరూ చివరికి ఫొస్కో వైపు చూశారు. నోరు చూసేవాడు ఒప్పుకోవాలి మరి.

ఫొస్కో పళ్లెం దగ్గరికొచ్చాడు. "నాకో ముక్క ఇవ్వు" అన్నాడు జెలిందాతో.

"నీది తర్వాత. ముందు ఆవిడ."

"రొట్టో కాదో తెలియకుండా నోరెట్లా చూడనే? ఇవ్వు."

కట్టుబాటులో లేని పని. ఎవరూ అడ్డు చెప్పలేదు. జెలిందా ముక్క విరిచింది. చప్పుడేమీ రాలేదు, పుల్లలా విరిగింది. ఫొస్కో నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. కూడలంతా ఆయన దవడల్నే చూస్తోంది. మధ్యలో ఒకసారి ఆగి, పక్కకి తిరిగి, కొండ వైపు చూశాడు. మళ్లీ నమిలి మింగాడు.

"మా అమ్మది ఇంతకంటే మెత్తగా ఉండేది" అన్నాడు గట్టిగా. "కానీ రొట్టే."

కూడలి ఒక్కసారిగా గోల పెట్టింది. "నములు! నములు!" అని చేతులు చరుస్తూ మొదలుపెట్టారు. ఒత్తావియా పెద్ద ముక్కే తీసుకుంది. నమలడానికి ఎంత కష్టపడిందో చెప్పలేను. బుగ్గలు ఉబ్బిపోయాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఒకసారి గుటక పడక గుండె మీద కొట్టుకుంది. చేతుల చరుపుడు మాత్రం ఆగలేదు. చివరికి మింగి, నోరు పెద్దగా తెరిచింది. ఫొస్కో కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని, తల అటూ ఇటూ తిప్పి, ఎడమ బుగ్గలోకి, కుడి బుగ్గలోకి, నాలిక కిందా చూశాడు. ఆయనకి వీలైనంత ఆలస్యం చేశాడు.

"వెనకాల పన్ను ఒకటి పుచ్చిపోయింది" అన్నాడు. "మిగతాదంతా ఖాళీ!"

మేయరు మూడు రంగుల పట్టీ ఆమె భుజం మీద పడింది. జెలిందా మిగిలిన రొట్టె ముక్కలు చేసి పంచింది. ఆ ఒకటీ కుదిరాక కొండ మీద కాల్చిన మిగతా రొట్టెలన్నీ ముందే చిన్న బండిలో తెచ్చి ఉంచాం, అందరికీ సరిపోవాలి కదా. అప్పుడు జరిగింది నేను మళ్లీ చూడను. గొడవలు పడేవాళ్లు, పాటలు పాడేవాళ్లు, బాల్కనీల్లో ఆడవాళ్లు, పూజారి, బ్యాండువాళ్లు, అందరూ నోరు నిండిపోయి ఒక్క మాట కూడా మాట్లాడలేక నమిలారు. వాల్దోర్నా కూడలి అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ ఉండి ఉండదు. వసారా మెట్టు మీద కూర్చుని జెలిందా ఆ నిశ్శబ్దాన్ని చూసింది. తనూ ఓ ముక్క నోట్లో వేసుకుంది. ముఖం చిట్లించింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న దొరసానికి కూడా నవ్వొచ్చింది, కానీ నోట్లో రెండో ముక్క ఉంది.

ఒత్తావియాకి ఆ రాత్రి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున్నే ఎవరిదో ఆవు ఈనుతుంటే వెళ్లింది.

ఇప్పుడు ఆకురాలు కాలం. జెలిందా దుకాణం మధ్యాహ్నానికే కట్టేసి, ఫొస్కోతో కలిసి కొండెక్కుతోంది. మళ్లీ ఎన్నికలొచ్చేసరికి పొంగే చెస్ట్‌నట్ రొట్టె చేస్తుందట. పిండిలో ఉడకబెట్టిన బంగాళాదుంప కలిపి చూసింది, ఆలివ్ నూనె కలిపి చూసింది. అయిన రొట్టెల్ని మేడకి పంపుతోంది. ఏది బావుందో, ఏది బాలేదో రాసి పంపమంటే ఒత్తావియా "అన్నీ బావున్నాయి" అని చెప్పి పంపుతోంది. అది ఆవిడకి నచ్చడం లేదు.

నిన్న నేనూ పైకి వెళ్లాను. గుడిసె లోపల పొగ. ఇద్దరూ దగ్గుతూ పోట్లాడుకుంటున్నారు.

"నిప్పు ఎక్కువైందే, తీసెయ్!"

"నాకు తెలుసులేవయ్యా!"

"నీకేం తెలుసు? నాలుగు నెలల కిందట మూకుడెట్లా పట్టుకోవాలో కూడా తెలీదు."

"అందుకే నేర్చుకుంటున్నా. నువ్వు పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం."

ఫొస్కో జరిగాడు. జెలిందా మూకుడు ఎత్తి చూసింది. ఈసారి రొట్టె వేలెడు మందం లేచింది. దాన్నే చూస్తూ, "రా, పట్టుకో. మెల్లిగా" అని నాకు పళ్లెం అందించింది.